రాతి బిడ్డకు మేనమామ

నా చిన్నప్పుడు మా వైపు ఇళ్ళలో పసిబిడ్డ కంటే ముందు తొట్టెలలో రాయి పడుకునేది. ఏ రాయి పడితే ఆ రాయి కాదు, రోజూ పచ్చళ్ళు నూరే పొత్రం. బిడ్డను మొదటిసారి తొట్టెలలో వేసే రోజున దానికి నీళ్ళు పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టి, వాడి వాడి మెత్తబడిన చీర ముక్క చుట్టి, తల కింద చెయ్యి పెట్టి మరీ పడుకోబెట్టి జోల పాడేవాళ్ళు. ఆ తర్వాతే అసలు బిడ్డ. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవాళ్ళు. దిష్టి రాయికి పోతుందని ఒకరు, బిడ్డ రాయంత గట్టిగా బతకాలని ఇంకొకరు. ఎవరేం చెప్పినా, ఆ పని జరుగుతున్నంతసేపు ఎవరూ నవ్వగా నేను చూడలేదు. ఒకే ఒక్కసారి ఒకాయన నవ్వాడు. ఇన్నేళ్ళయినా ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మేమప్పుడు ఒమాన్‌లో, సహంలో ఉండేవాళ్ళం. మా అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు కాబట్టి మాకు ఫ్యామిలీ క్వార్టర్ దొరికింది. మా నాన్న ఇళ్ళు కట్టే ఒక కంపెనీలో స్టోర్ చూసేవారు. మాకు ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఖర్జూర తోటలు, తోటలు దాటితే వాది. వాది అంటే వాన పడ్డప్పుడు తప్ప నీళ్ళుండని రాళ్ళ వాగు. కంపెనీలో పనిచేసే మేస్త్రీలూ కూలీలూ చాలామంది జగిత్యాల, సిరిసిల్ల దిక్కు వాళ్ళు. శుక్రవారం డ్యూటీ లేకపోతే వాళ్ళలో కొందరు మా ఇంటికొచ్చి, అమ్మ చేసిన పచ్చిపులుసుతో అన్నం తిని, నన్ను చూస్తూ ఊళ్ళో ఉన్న తమ పిల్లల ఈడు లెక్కలు వేసుకునేవాళ్ళు.

ఆ ఏడు చలికాలంలో మాకు తమ్ముడు పుట్టాడు. కాన్పు చూడటానికి మా అమ్మమ్మను నాన్నే స్వయంగా ఊరికి వెళ్ళి తీసుకొచ్చారు. ఆమె ట్రంకు పెట్టెలో తన బట్టల కంటే ముందు పొత్రం పెట్టుకుంది. బొంబాయి విమానాశ్రయంలో బరువు ఎక్కువైందని పెట్టె తెరిపించారట. చింతపండు తీయాలా, కారం తీయాలా, రాయి తీయాలా అన్న ప్రశ్న వచ్చింది. నాన్న రాయి తీసి, సాగనంపడానికి వచ్చిన చుట్టం చేతిలో పెట్టేశారు. అమ్మమ్మ విమానంలో ఒక్క మాట మాట్లాడలేదని, సహం చేరాక కూడా తనకు పెట్టే కూరలో ఉప్పు తగ్గిందని నాన్న తర్వాత్తర్వాత చెప్పి నవ్వేవారు.

తొట్టెల రోజు దగ్గరపడేసరికి ఆ నవ్వులాట కాస్తా దిగులుగా మారింది. అమ్మ మిక్సీ కొనుక్కుంది కానీ మా ఇంట్లో రోలు లేదు, పొత్రం లేదు. చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు ఉన్నవే కొన్ని, వాళ్ళవీ మిక్సీలే. వాదిలో రాళ్ళకేం కొదవ, ఒకటి ఏరుకొస్తానని నాన్న అంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. మనిషి చెయ్యి తిరగని రాయిని బిడ్డ పక్కన ఎట్లా పెడతారని అడిగింది. నాన్న తన బాధను ఆఫీసులో చెప్పుకున్నారు. అది కంపెనీ పెద్ద ఇంజనీరు చెవిన పడింది.

ఆయన హైదరాబాదు మనిషి. చదువుకున్నవాడు, తెలివైనవాడు, ఆ మాట దాచను. ఆయన గదిలో అద్దాల బీరువా ఒకటి ఉండేదని, అందులో రకరకాల పాత రాళ్ళు వరసగా పేర్చి ఉండేవని నాన్న చెప్పేవారు. ఆ రాళ్ళన్నీ వాది ఒడ్డున ఉన్న దిబ్బలో దొరికినవని మాకు తర్వాత తెలిసింది. అది దానంతట అది పుట్టిన దిబ్బ కాదు. ఏనాటి మనుషులో రాయి మీద రాయి, మట్టి మీద మట్టి మోసుకొచ్చి తమ చనిపోయినవాళ్ళ మీద పేర్చినది. కంపెనీకి ఇళ్ళ ప్లాట్లు ఎత్తు చేయడానికి మట్టి కావాల్సి వచ్చింది. దగ్గరలో చేతికందేంత ఎత్తున మట్టి కనిపించింది. ఎవరిని అడిగారో, అసలు అడిగారో లేదో నాకు తెలియదు. షావల్, అంటే మట్టి తవ్వే యంత్రం, పెట్టి తోడటం మొదలుపెట్టారు. మట్టి ప్లాట్లలోకి, అందులో బయటపడ్డ నునుపు రాళ్ళు ఆయన బీరువాలోకి పోయేవి.

ఆ బీరువాలోంచే ఒక రాయి తీసి, మీ పొత్రం కొరత తీరింది పో అని నాన్న చేతికిచ్చాడు. నాన్న సంబరంగా ఇంటికి తెచ్చారు. జానెడు కూడా లేదు. నల్లగా ఉండి, ఎండలో తిప్పితే లోపలినుంచి ఆకుపచ్చ మెరిసేది. ఒక కొస గుండ్రంగా, ఇంకో కొస పలచగా ఉంది. అమ్మమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నిమిరింది. పలచటి అంచు మీద బొటనవేలు నడిపి ఆగింది.

"గిది నూరిన రాయి గాదు బిడ్డా" అంది నాతో. "ఒక్కనాడు గూడ పనికి పెట్టలే. గిది ఎవరో సాదిన రాయి."

మా వైపు సాదడం అంటే పెంచడం. రాయిని పెంచడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అది ఎక్కడిదని అమ్మమ్మ అడిగితే నాన్న, సారు దగ్గరిదని మాత్రం చెప్పారు. అంతకు మించి ఆయనకూ తెలియదు. మనిషి చేతిలో తిరిగిన రాయి దొరికిందన్న తృప్తితో అమ్మమ్మ దానికి నూనె రాసి, బియ్యం డబ్బా పక్కన జాగ్రత్తగా పెట్టింది. ఆ రోజు నుంచి నాన్న కూరలో ఉప్పు సరిపోయింది.

తొట్టెల పండుగ శుక్రవారం పెట్టుకున్నాం. ఇంటి ముందు షామియానాలాగా టార్పాలిన్ కట్టారు. కంపెనీ రూముల నుంచి మనవాళ్ళంతా ఇస్త్రీ చొక్కాలేసుకుని వచ్చారు. షావల్ నడిపే కడప మామ పొద్దున్నే వచ్చి మటన్ వండే బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. ఆయన కడప సాయిబు. ఇంట్లో వాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు, అరబ్బు యజమానులతో అరబ్బీ మాట్లాడేవాడు. మా అమ్మను చెల్లెమ్మా అని పిలిచేవాడు కాబట్టి మాకు మామ అయ్యాడు. పెద్ద ఇంజనీరు కోసం చాలాసేపు చూశారు. వేళ మించిపోతోందని చివరికి ఆయన లేకుండానే మొదలుపెట్టారు.

అమ్మమ్మ రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చీర ముక్క చుట్టి తొట్టెలలో పడుకోబెట్టింది. వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు చెయ్యి వేసి ఊపుతుండగా జోల అందుకుంది. ఊళ్ళో పిల్లల్ని వదిలి వచ్చిన మగవాళ్ళు కబుర్లు ఆపి తొట్టెల వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడు కారు ఆగింది. ఇంజనీరు లోపలికి వచ్చాడు, తొట్టెలలోకి తొంగి చూశాడు, పడీ పడీ నవ్వాడు.

"నిజంగనే ఉయ్యాలల వేసిండ్రా దీన్ని? అయ్యో పెద్దమ్మా, ఇది పొత్రం కాదు. గొడ్డలి."

ఆపై నిలబడే పాఠం మొదలుపెట్టాడు. అది ఇనుము తెలియని కాలం నాటి గొడ్డలి అట. అలాంటి రాయి సహం చుట్టుపక్కల దొరకదట, దూరం కొండల నుంచి తెచ్చి నెలల తరబడి అరగదీసి ఉంటారట. అంత పనిచేసి దాన్ని ఒక్క దెబ్బకు కూడా వాడలేదట, అంచు మీద గీత కూడా లేదట. పెద్దవాళ్ళ చేతికి సరిపోనంత చిన్నదట. దిబ్బలో ఒక చిన్న పిల్ల ఎముకలు బయటపడితే, ఆ పిల్ల తల దగ్గర పెట్టి ఉందట.

"చచ్చిన పిల్లకు గొడ్డలెందుకు చెప్పండి. మొత్తం వేస్ట్. బుర్రలేని జనం" అని ముగించి, వంటింటి వైపు చూసి వాసన బాగుందన్నాడు.

ఆ మాట నేను ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు నమిలానో. దూరం నుంచి తెచ్చారని తెలుసు, నెలలు అరగదీశారని తెలుసు, బిడ్డ చేతికి సరిపడా చేశారని తెలుసు. అన్నీ తెలిసి ఆ మనిషి చివరికి తేల్చింది బుర్రలేదని. ఆయన వచ్చింది ఎక్కడికి? బిడ్డ కంటే ముందు రాయికి జోల పాడుతున్న ఇంటికి. ఆ తొట్టెలలో ఉన్నంతసేపు మా పొత్రమూ పచ్చడి నూరదు. దాన్ని చూసి ఇది పనికిరాని పొత్రం అంటే ఎవరికి బుర్రలేనట్టు? అప్పుడు ఈ మాటలు నాకు రాలేదు. 

 అమ్మ తమ్ముణ్ణి గుండెకు అదుముకుంది. ఆసుపత్రిలో ఎందరికి వాళ్ళ చనిపోయిన బిడ్డలను తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చిందో, ఆమె ముఖం పాలిపోయింది. సచ్చిన పోరి రాయిని పండుగపూట తొట్టెలలో వేశామని మేస్త్రీలలో ఎవరో గొణిగారు. నాన్న గబగబా వచ్చి దాన్ని తీసేయబోయారు. అమ్మమ్మ ఆయన చెయ్యి అడ్డుకుంది. జోల ఆపలేదు. మిగిలిన పాటంతా, మొదట్లో ఎంత నెమ్మదిగా పాడిందో అంతే నెమ్మదిగా పాడి, తొట్టెల ఊపు దానంతట అదే నిలిచేదాకా ఆగింది. నడుమ ఆపితే లేచి ఏడుస్తది గదా అంది, ఎవరితోనో కాదు, తనలో తనే.

తర్వాత తలెత్తి ఆ ఎముకలేమయ్యాయని అడిగింది. ఇంజనీరు నోరు తెరిచేలోపే, గరిటె చేత్తో గుమ్మంలో నిలబడ్డ కడప మామ చెప్పాడు.

"నేనే మళ్ళా కప్పేసినా పెద్దమ్మా. పైన రాళ్ళు గూడా పేర్చినా. ఎముకల్ని ఎవ్వుర్నీ ముట్టనీలేదు. ఈ రాయొకటి సారు అడిగె, ఇచ్చినా. ఇయ్యకుండా ఉండాల్సింది."

ఆమె ముఖం అప్పుడు మారింది. అమ్మమ్మకు కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది. ఊళ్ళో ఆమెతో తగువు పడ్డవాళ్ళందరికీ ఆ గొంతు తెలుసు. నాన్నకూ తెలుసు. అత్తమ్మా వద్దు, ఆయన చేతిలో మన బతుకుంది అని చెవిలో బతిమాలారు. నాన్న భయమూ నిజమే. పెద్ద ఇంజనీరు ఒక్క మాట అంటే వీసా చింపి ఇంటికి పంపే కాలం అది. అమ్మమ్మ ఆయన వైపు చూడనైనా చూడకుండా కొత్త తువాలు ఒకటి తీసుకుని, పసుపు కుంకుమ పళ్ళెం పట్టుకుని ఇంజనీరు ముందుకు వెళ్ళింది.

చాలా మర్యాదగా మాట్లాడింది. తన కొడుకు, అంటే బిడ్డ మేనమామ, ఊళ్ళో ఉండిపోయాడని, మేనమామ చెయ్యి పడకుండా తొట్టెల పండుగ కాదని, పెద్ద మనసు చేసుకుని రాతి బిడ్డకు మేనమామగా నిలబడమని అడిగింది. అంతమంది పనివాళ్ళ ముందు అంత గౌరవం దక్కితే ఎవరు కాదంటారు? ఆయన సరదాగా ఒప్పుకున్నాడు. అమ్మమ్మ ఆయన నుదుట బొట్టు పెట్టింది. భుజాన తువాలు కప్పింది. తొట్టెలలోంచి రాయిని తీసి ఆయన రెండు చేతుల్లో పెట్టింది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఇగ విను కొడుకా" అంది.

అప్పటిదాకా సారూ అన్న మనిషి కొడుకా అనేసరికి ఆయన నవ్వు సగంలో ఆగింది. కానీ వరస ప్రకారం అందులో తప్పేమీ లేదు. మేనమామ అంటే బిడ్డ తల్లికి తోడబుట్టినవాడు.

"ఈ బిడ్డకు నువ్వు మేనమామవైతివి. మరి దీన్ని కన్నతల్లి నీకేమైతది? చెల్లె అయితది. నీ చెల్లె బిడ్డ సచ్చిపోతే, ఏడ్చుకుంట ఎన్నొద్దులో ఒక రాయిని సాది, బిడ్డ తల కాడ పెట్టుకున్నది. దాన్ని గుంజుకొచ్చి నువ్వు అద్దాల పెట్టెల పెట్టుకుంటివి. తోడబుట్టిన అన్నవు గదా, నీకిది తగునా?"

ఆయన ముఖం ఎర్రబడింది. రాయికి మేనమామ ఏమిటి, ఇదంతా మూఢనమ్మకం, రాయి రాయే కదా అన్నాడు.

"రాయే అయితే బీరువాల ఎందుకు దాసుకున్నవ్? వాది నిండ రాళ్ళున్నయి గదా."

 అమ్మమ్మ ఇంకో మాట చెప్పింది. అరువు తెచ్చిన పొత్రాన్ని, తెచ్చినవాళ్ళే, ఆ పూటే, దాని ఇంట్లో దింపి రావాలట. అది తన ఇల్లు చేరేదాకా మా బిడ్డను తొట్టెలలో వేయకూడదట. బిడ్డను వేసేదాకా ఇంట్లో విస్తరి పడకూడదట. ఇది మా ఊళ్ళో నిజంగా ఉన్న ఆచారమో, ఆ నిమిషాన ఆమె పుట్టించిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా వైపు మనిషి ఎవరిని అడిగినా, ఉండే ఉంటుంది అన్నారు తప్ప చూశామని ఒక్కరూ అనలేదు. అక్కడున్న మేస్త్రీలు మాత్రం, అవును, మా దగ్గరా అంతే అని తలలూపారు. వంటింట్లోంచి మటన్ ఘుమఘుమలు వస్తున్నాయి. పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో ఉన్న గుంపంతా పెద్ద ఇంజనీరు వైపే చూస్తోంది. ఆయన ఆ చూపులు తట్టుకోలేక, సరే పంపించేస్తాను, ఏదైనా సంచి ఇవ్వండి అన్నాడు.

"బిడ్డను సంచిల పెడ్తరా కొడుకా? చేతులల్ల పట్టుకో."

అలా బయల్దేరాం. కడప మామ పికప్ నడిపాడు. ముందు సీట్లో ఇంజనీరు, బొట్టుతో, తువాలుతో, చీర ముక్కలో చుట్టిన రాయిని రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. వెనక అమ్మమ్మ, ఆమె కొంగు పట్టుకుని నేను. దారిలో తోటల గోడల మీద కూర్చున్న ముసలి ఒమానీలు మా బండికి చెయ్యెత్తి సలాం చెప్పారు. ఆయన చేతులు ఖాళీ లేక తలూపాడు.

దిబ్బను దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. సగం కోసిన బెల్లం దిమ్మలా ఉంది. వాది వైపు భాగం ఎప్పటిలాగే రాళ్ళు కప్పుకుని గుండ్రంగా ఉంది. ప్లాట్ల వైపు భాగం నిలువునా తెగి, మట్టి పొరలు కనిపిస్తూ, కింద షావల్ చక్రాల చాళ్ళున్నాయి. ఆ తెగిన భాగంలో ఎందరుండేవాళ్ళో, వాళ్ళ తల దగ్గర ఎవరెవరు ఏమేం పెట్టారో. అదంతా లారీలకెక్కి వెళ్ళి చదునైపోయింది. ఆ మట్టి మీద ఇప్పుడు పడకగదులూ, కారు షెడ్లూ ఉన్నాయి. అమ్మమ్మ ఆ కోత వైపు చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవటం నేను చూసింది ఆ ఒక్కసారే, అదీ బాధతో కాదు, కోపంతో.

కడప మామ తాను పేర్చిన రాళ్ళు చూపించాడు. వాటిని అమ్మమ్మ ఇంజనీరు చేతనే తీయించింది. అడుగున మట్టి కనిపించాక, చీర ముక్క విప్పకుండానే ఆయన రాయిని అందులో పెట్టాడు. బూటుతో మట్టి తోయబోయి, ఆమె చూపు చూసి, వంగి చేత్తో కప్పాడు. రాళ్ళు మళ్ళీ పేర్చాడు. ఇక లేచి ప్యాంటు దులుపుకుంటుంటే అమ్మమ్మ పిల్లకు చెప్పి రమ్మంది. ఆయనకు అర్థం కాలేదు.

"చెప్పకుంట ఎట్ల పోతవ్? పోయొస్తనని చెప్పు."

ఆయన చుట్టూ చూశాడు. కొంచెం దూరంలో కడప మామ చేతులు తెరిచి, కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంటున్నాడు. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. రాళ్ళ వైపు వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, పోయొస్తా అన్నాడు. ఒక్కటే మాట. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆ మాట ఎన్నో గుమ్మాల్లో అని ఉంటాడు. అది అంత కష్టమైన మాట అని అప్పుడే తెలిసినట్టుంది ఆయన గొంతు.

దీనితో ఆయన మారిపోయాడని నేను రాయను. తిరిగొచ్చి, మా తమ్ముణ్ణి తొట్టెలలో వేశాక, విస్తరి ముందు కూర్చుని మటన్ రెండుసార్లు వేయించుకున్నాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. బీరువాలో మిగతా రాళ్ళు అలాగే ఉన్నాయి. ఆ నెల తిరక్కుండానే మా నాన్నను స్టోర్ నుంచి తీసి సువైక్ సైట్‌కు మార్చారు, రోజంతా ఎండలో నిలబడి వచ్చే లారీలు చూసుకునే పనికి. వారానికోసారి మాత్రమే ఇంటికి వచ్చేవారు, ముఖం నల్లగా కమిలిపోయి. కారణం ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నాన్న మాత్రం అత్తగారిని ఒక్క మాట అనలేదు. ఆమె ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు కాళ్ళకు దండం పెట్టారు. నాన్న అలా చేయడం అమ్మ కూడా అంతకు ముందు చూడలేదట.

ఒక్కటి మాత్రం జరిగింది. ఆ తర్వాత దిబ్బ మీదికి షావల్ వెళ్ళలేదు. ఇంజనీరు మళ్ళీ మట్టి తోడమని చెప్పినప్పుడు కడప మామ షావల్ తాళం చెవి ఆయన బల్ల మీద పెట్టేశాడు.

"ఆడ ఒక పాప ఉండాది సార్. మీకు కోడలు వరస అయితాది. నేనైతే బకెట్ పెట్టను" అన్నాడట.

మేస్త్రీలూ, కూలీలూ ఎవరూ పార పట్టలేదు. అంతకు వారం ముందు అదే దిబ్బను తోడినవాళ్ళే వీళ్ళంతా. అప్పుడది మట్టి. ఇప్పుడు దానిలో మేనమామ ఉన్న పిల్ల ఒకతి ఉంది. కంపెనీ మట్టి కోసం వేరే చోటు చూసుకుంది. సగం దిబ్బ మిగిలింది. నాకు పెళ్ళయ్యాక మళ్ళీ ఒమాన్‌కే వచ్చినప్పుడు వెళ్ళి చూశాను. చుట్టూ కంచె వేసి బోర్డు పెట్టారు. ఆ సగం దిబ్బను చూసినప్పుడల్లా సంతోషించాలో, లేని సగాన్ని తలుచుకుని తిట్టాలో తెలియదు. ఎక్కువసార్లు తిట్టుకునే వచ్చాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుకుంటున్నానంటే, మొన్న గురువారం నా కొడుకు ఒక రాయి తెచ్చాడు. మేం మస్కట్ శివార్లలో, అల్ హైల్‌లో ఉంటాం. వాడు కూడా ఇంజనీరే, ఒక కంపెనీలో సైట్ చూస్తాడు. డ్యూటీ నుంచి వచ్చి, అమ్మా నీకో విశేషం అని జేబులోంచి తీశాడు. గోధుమ రంగు రాయి, ఆకులా పలచగా, రెండంచులూ చెక్కి ఉంది. దాని అంచు మీద నా బొటనవేలు నడిపాను. ఒక్కనాడు కూడా పనికి పెట్టలేదు. పునాది తవ్వుతుంటే గుండ్రంగా పేర్చిన రాళ్ళ కింద దొరికిందట. టీవీ పక్కన స్టాండు మీద, నా మనవరాలికి బడిలో ఇచ్చిన కప్పు పక్కన పెట్టి, ఎంత బాగుందో చూడు అన్నాడు.

నా కడుపున పుట్టినవాడు. నేను చిన్నప్పటి నుంచి ఈ కథ చెప్పి అన్నం తినిపించినవాడు.  రేపే తీసుకెళ్ళి దాని చోట పెట్టి రమ్మన్నాను. వాడు తల దించుకున్నాడు. అక్కడ ఇక చోటు లేదమ్మా, సోమవారమే కాంక్రీట్ పోసేశాం అన్నాడు.

ఆ రాత్రి వాడితో నేను అన్న మాటలన్నీ రాయలేను. వేల ఏళ్ళు ఎండకూ వానకూ చెక్కుచెదరకుండా ఉన్న ఇంటి మీద ఒక్క పూటలో కాంక్రీట్ పోసి, ఆ ఇంటివాళ్ళ వస్తువును అలంకారానికి తెచ్చుకున్నావు అన్నాను. చదివించినందుకు సిగ్గుపడుతున్నానన్నాను. ఆ పెద్ద ఇంజనీరు, రాయి పెట్టి రావడానికి కనీసం చోటైనా ఉంచాడు అన్నాను. ఆయన పక్షాన నేనొక మంచి మాట మాట్లాడే రోజు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.  నాకు తెలియలేదమ్మా అన్నాడు వాడు. తెలుసు నీకు అన్నాను.

స్టాండు మీది నుంచి రాయి తీసి, నా పాత చీరొకటి చింపి చుట్టాను. వంటింట్లో మా పొత్రం పక్కన పడుకోబెట్టాను. ఇంటి పొత్రం నేను ఊరి నుంచి తెచ్చుకున్నాను, విమానాశ్రయంలో పెట్టెలోంచి బట్టలు తీసేసి మరీ. దిబ్బల సంగతి చూసే ప్రభుత్వ ఆఫీసు ఒకటి మస్కట్‌లో ఉంది. శుక్ర, శనివారాల సెలవు అయ్యాక, ఆదివారం పొద్దున తలుపులు తెరవగానే అక్కడికి వెళ్ళి, ఇది ఎక్కడ దొరికిందో, ఆ చోట ఏం పోశారో దాచకుండా చెప్పి అప్పగించమని వాడితో అన్నాను. ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందేమో అని కోడలు మెల్లగా అంది. అవుతుందేమో. మా నాన్నకూ అయింది.

ఆదివారం బయల్దేరే ముందు వాణ్ణి కూర్చోబెట్టి నుదుట బొట్టు పెట్టాను, భుజాన తువాలు వేశాను. నాకు ఒక్కడే కొడుకు, ఆడపిల్లలు లేరు. నీకిక ఒక చెల్లెలు ఉంది, ఆమె పేరు తెలియదు, ఆమె ఇంటి మీద నువ్వు కాంక్రీట్ పోశావు అని చెప్పాను. వాడు ఆ మూటను చూసి, సంచి ఏదైనా ఉందా అమ్మా అని అడగబోయి, తనే ఆగిపోయి, రెండు చేతులూ చాపాడు.